రెంటికీ చెడ్డ రేవడి అనిపించుకున్న బ్యాండ్: సాక్రిలెజ్

పంక్ అభిమానుల దగ్గర సాక్రిలెజ్ పేరెత్తితే "వాళ్లు మెటల్ కదా" అంటారు. మెటల్ వినేవాళ్ల దగ్గర ఎత్తితే "పంక్ బ్యాండ్ అనుకుంటా" అని తప్పుకుంటారు. 1984లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో మొదలై, 1985 నుంచి 1989 మధ్య మూడు ఆల్బమ్‌లు చేసిన ఈ రాక్ బ్యాండ్‌ని ఇద్దరూ అవతలివాళ్ల ఖాతాలో రాసేసి చేతులు దులుపుకున్నారు. అందుకే పంక్ చరిత్ర రాసినా మెటల్ చరిత్ర రాసినా సాక్రిలెజ్‌కి ఒక వాక్యం దక్కితే గొప్ప.

నాకు మాత్రం ఎనభైల బ్రిటన్ నుంచి ఒకే ఒక్క పంక్-త్రాష్ (త్రాష్ అంటే వేగంగా, పదునుగా వాయించే మెటల్) రికార్డు ఉంచుకోమంటే, వాళ్ల మొదటి ఆల్బమ్ "బిహైండ్ ద రెల్మ్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్" ఉంచుకుంటాను. పంక్, త్రాష్ కలిస్తే వచ్చేది వేగం అని అందరూ అనుకుంటున్న రోజుల్లో, ఆ కలయికలోంచి బరువు కూడా పుట్టించొచ్చని వీళ్లు చూపించారు. ఆ బరువు ఎక్కడిది, ఎలా తయారైంది, అంత చేసినా వీళ్లు ఎందుకు మరుగున పడ్డారు అన్నది కాస్త చిక్కుముడి లాంటి వ్యవహారమే. ఒక్కో పోగూ విప్పుకుంటూ పోదాం.

రెండు శిబిరాలు, ఒక వంతెన

1980 ప్రాంతంలో బ్రిటన్‌లో పంక్, హెవీ మెటల్ పక్కపక్క వీధుల్లో ఉంటూ పలకరించుకోని చుట్టాల్లా ఉండేవి. మెటల్ వాళ్లకి పొడుగు జుట్టు, పొడుగు గిటార్ సోలోలు, వేళ్లలో ఏళ్ల సాధన. పంక్ వాళ్లకి నిక్కబొడిచిన జుట్టు, మూడు కార్డ్‌లు (కలిపి మోగించే స్వరాల గుత్తులు), "నిన్న గిటార్ కొన్నవాడు ఇవాళ స్టేజీ ఎక్కొచ్చు" అన్న ధీమా. మెటల్ పాటల్లో దెయ్యాలు, యోధులు, మోటార్ సైకిళ్లు. పంక్ పాటల్లో నిరుద్యోగం, పోలీసులు, అణుబాంబు. ఒకరి కచేరీకి ఇంకొకరు వెళ్తే గొడవలయ్యేవి.

రెండు వైపులా చెల్లుబాటైన బ్యాండ్ పేరు ఒకటే ఉండేది: మోటర్‌హెడ్. కానీ అసలు వంతెన కట్టింది మాత్రం డిశ్చార్జ్. స్టోక్-ఆన్-ట్రెంట్ అనే పింగాణీ పరిశ్రమల ఊరి కుర్రాళ్లు 1977లో పెట్టుకున్న బ్యాండ్ అది. 1982లో వచ్చిన "హియర్ నథింగ్ సీ నథింగ్ సే నథింగ్" ఆల్బమ్‌తో పంక్ వ్యాకరణాన్నే మార్చేశారు. పాటకి నాలుగైదు లైన్లు, అవీ గోడ మీద నినాదాల్లాంటివే. గిటార్ ఆగకుండా గీకే రంపం మోత. డ్రమ్స్ దరువు మాత్రం వాళ్ల సంతకం. నోటితో అనుకుంటే "ధుం-తక్, ధుధుం-తక్" అని వస్తుంది: మొదట కాలితో ఒక దెబ్బ, చేత్తో స్నేర్ డ్రమ్ మీద ఒకటి, వెంటనే కాలితో గబగబా రెండు, మళ్లీ స్నేర్. ఆ "ధుధుం" దగ్గర ఎవరో వెనక నుంచి తోసినట్టు ఉంటుంది. ఈ దరువుకి డిశ్చార్జ్ పేరులోని మొదటి అక్షరంతో డి-బీట్ అనే పేరు స్థిరపడింది. నలభై ఏళ్లుగా స్వీడన్ నుంచి జపాన్ దాకా వందల బ్యాండ్‌లు దాని మీదే బతుకుతున్నాయి.

దీన్ని అమెరికాలో మెటల్ కుర్రాళ్లు చెవులప్పగించి విన్నారు. మెటాలికా 1998లో తమ గురువుల పాటలు మళ్లీ వాయించి విడుదల చేసిన "గరాజ్ ఇంక్" మొదలయ్యేదే డిశ్చార్జ్ పాటతో. స్లేయర్ 1996లో దాదాపు పంక్ పాటలతోనే ఒక ఆల్బమ్ నింపింది. 1983లో ఈ ఇద్దరి మొదటి ఆల్బమ్‌లు వచ్చినప్పుడు పాత మెటల్ శ్రోతలకి కొత్తగా తోచింది ఈ పంక్ దూకుడే.

ఆ తర్వాత అమెరికాలో రెండు గుంపులూ కలిసిపోయాయి. హ్యూస్టన్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకి మకాం మార్చిన డి.ఆర్.ఐ., రాలీ నుంచి కరోజన్ ఆఫ్ కన్ఫార్మిటీ, లాస్ ఏంజెలిస్‌లోని వెనిస్ నుంచి సూసైడల్ టెండెన్సీస్. డి.ఆర్.ఐ. 1987 ఆల్బమ్ పేరే "క్రాసోవర్". ఈ మొత్తం ధోరణిని ఆ పేరుతోనే పిలుస్తాం. అమెరికన్ క్రాసోవర్‌లో స్కేట్‌బోర్డులు, జోకులు, మెరుపు వేగం ఎక్కువ. నాకూ ఇష్టమే. అయితే ఆ రికార్డులు విన్నాక ఒంట్లో మిగిలేది పరుగెత్తిన ఆయాసం. సాక్రిలెజ్ విన్నాక మిగిలేది వేరు.

తీగ మీద అరచెయ్యి

బరువు అన్న మాట గాల్లో వదిలేయకుండా, గిటార్ దగ్గరికి వెళ్లి చూద్దాం.

పంక్‌కీ మెటల్‌కీ మూలధనం ఒకటే, పవర్ కార్డ్. మన భాషలో చెప్పాలంటే షడ్జమం, పంచమం, అంతే. మధ్యలో గాంధారం ఉండదు. గాంధారం ఉంటేనే ఒక కార్డ్ సంతోషంగానో దిగులుగానో వినిపిస్తుంది. అది తీసేస్తే మిగిలేది ఏ భావమూ అంటని గట్టి శబ్దం. ఇంకో లాభం కూడా ఉంది. డిస్టార్షన్ (శబ్దాన్ని గరగరలాడించడం) బాగా పెంచిన ఆంప్లిఫైయర్‌లోకి మూడు నాలుగు స్వరాల కార్డ్ పంపితే అంతా కలగాపులగమై బురదలా వస్తుంది. స-పలు మాత్రం ఎంత డిస్టార్షన్ పెట్టినా ఒకదాన్నొకటి పట్టుకుని నిలబడతాయి.

ఇక్కడిదాకా ఇద్దరూ ఒకటే. తేడా కుడిచేతి దగ్గర మొదలవుతుంది. డిశ్చార్జ్ తరహా పంక్‌లో కుడిచెయ్యి కిందికీ పైకీ ఆగకుండా ఆడుతుంది, తీగలు స్వేచ్ఛగా మోగుతాయి. శబ్దానికి ఎక్కడా సందు దొరకదు, ఒకే గోడలా ఉంటుంది. త్రాష్ వాయించేవాడు అరచేతి అంచుని తీగలు గిటార్ ఒంటి మీది బ్రిడ్జ్‌ని తాకే చోట ఆనించి ఉంచుతాడు. తీగ మోగీ మోగకముందే గొంతు నొక్కేసినట్టు "జగ్-జగ్-జగ్" అని తెగిపోతుంది. దీన్నే పామ్ మ్యూట్ అంటారు. దెబ్బకీ దెబ్బకీ మధ్య నిశ్శబ్దం దూరుతుంది కాబట్టి తర్వాతి దెబ్బ మరింత గట్టిగా తగులుతుంది. ఒక్క మిల్లీమీటరు చెయ్యి ముందుకు జరిగితే శబ్దం చచ్చిపోతుంది, వెనక్కి జరిగితే పామ్ మ్యూట్ పోతుంది. వినడానికి మొరటుగా ఉన్నా, చేసేవాడికి చాలా సున్నితమైన పని.

సాక్రిలెజ్ గిటారిస్టు డేమియన్ థాంప్సన్ ఈ రెండు చేతులనీ ఒకే పాటలో పెట్టాడు. లెమింగ్టన్ స్పా ఊరి డి-బీట్ బ్యాండ్ వారుకర్స్‌లో వాయించి వచ్చినవాడు కాబట్టి గోడ కట్టడం ఎలాగూ వచ్చు. దాని మీద త్రాష్ నుంచి తెచ్చుకున్న పామ్ మ్యూట్ రిఫ్‌లు పేర్చాడు. రిఫ్ అంటే పాటలో మళ్లీ మళ్లీ తిరిగొచ్చే గిటార్ వరస. పంక్‌లో ఒక పాటకి రెండు రిఫ్‌లుంటే ఎక్కువ. సాక్రిలెజ్ పాటల్లో ఒకదాని తర్వాత ఒకటి వస్తూనే ఉంటాయి, మధ్యలో వేగం సగానికి పడిపోతుంది, మళ్లీ లేస్తుంది. అసలు కిటుకు ఆ పడిపోవడంలో ఉంది. డి-బీట్ మీద పరుగెడుతున్న పాట ఒక్కసారిగా సగం వేగానికి దిగితే, అదే రిఫ్ రెట్టింపు బరువుగా అనిపిస్తుంది. చెవి ఇంకా పాత వేగంలోనే ఉంటుంది, కాళ్ల కింద మాత్రం నేల మారిపోతుంది. ఎప్పుడూ నెమ్మదిగానే వాయిస్తే ఈ ప్రభావం రాదు, ఎప్పుడూ వేగంగా వాయించినా రాదు.

మొదటి ఆల్బమ్‌లో డ్రమ్స్ వాయించిన ఆండీ బేకర్‌కి కూడా ఇందులో పెద్ద వాటా ఇవ్వాలి. రిఫ్ బరువెక్కే చోట తను తగ్గి చోటిస్తాడు. ఆ కాలపు చాలామంది డ్రమ్మర్లకి చేతనైనదంతా ఒకే పాటలో చూపించేయాలన్న తొందర ఉండేది. ఇతనికి లేదు.

ఊరి సంగతి

ఇలాంటి శబ్దం బర్మింగ్‌హామ్‌లో పుట్టడం యాదృచ్ఛికం అనుకోను. హెవీ మెటల్ పుట్టిందే అక్కడ. ఆస్టన్ పేటకి చెందిన బ్లాక్ సబ్బత్ గిటారిస్టు టోనీ ఐయోమీ పదిహేడేళ్ల వయసులో, రేకుల ఫ్యాక్టరీలో ఉద్యోగం చివరి రోజున, యంత్రంలో రెండు వేళ్ల చివళ్లు పోగొట్టుకున్నాడు. ఎడమచేతి వాటం మనిషి కావడంతో తీగలు నొక్కాల్సినవి ఆ వేళ్లే. కరిగించిన ప్లాస్టిక్‌తో వేలి తొడుగులు చేసుకున్నాడు, పల్చటి తీగలు వాడాడు, కొన్నాళ్లకి తీగల బిగువు తగ్గించి శ్రుతిని కిందికి దించాడు. మెటల్‌లో మనం వినే ఆ కింది స్థాయి గర్జనకి ఒక ఫ్యాక్టరీ ప్రమాదం కూడా కారణం.

ఎనభైల్లో ఆ ఫ్యాక్టరీలే మూతపడుతున్నాయి. 1982 జనవరిలో బ్రిటన్‌లో నిరుద్యోగుల సంఖ్య ముప్పై లక్షలు దాటింది. కార్లు, విడిభాగాల తయారీ మీద ఆధారపడ్డ వెస్ట్ మిడ్‌లాండ్స్ ప్రాంతానికి ఆ దెబ్బ గట్టిగా తగిలింది. 1983 నవంబరులో గ్రీనమ్ కామన్ స్థావరానికి అమెరికా క్రూయిజ్ క్షిపణులు వచ్చి చేరాయి. 1984 మార్చి నుంచి ఏడాదిపాటు గని కార్మికుల సమ్మె. 1985 సెప్టెంబరులో బర్మింగ్‌హామ్‌లోనే హ్యాండ్స్‌వర్త్ పేట అల్లర్లలో తగలబడింది. ఉద్యోగం దొరకదు, బాంబు పడుతుందో లేదో తెలియదు. పద్దెనిమిదేళ్ల కుర్రాళ్లకి పగలంతా ఖాళీ, రాత్రి స్పార్క్‌హిల్‌లోని మెర్మెయిడ్ పబ్ పైగదిలో కచేరీలు. నేపామ్ డెత్ అనే బ్యాండ్ పెరిగింది ఆ గదిలోనే.

ఇంకో స్థానిక సంగతి. మొదటి ఆల్బమ్‌లో ఒక పాట పేరు "షాడో ఫ్రమ్ మోర్డోర్". మోర్డోర్ అంటే టోల్కిన్ కథల్లోని చీకటి రాజ్యం. పంక్ పాటలో ఈ మాయాలోకం గోలేంటని అనిపించొచ్చు. కానీ టోల్కిన్ చిన్నప్పుడు కొన్నేళ్లు పెరిగింది బర్మింగ్‌హామ్ అంచునున్న సేర్‌హోల్‌లో. పచ్చటి పల్లె పక్కనుంచే పొగగొట్టాల నగరం మీదికొస్తుంటే చూసిన పిల్లవాడాయన. ఆ ఊరి పంక్ కుర్రాళ్లకి మోర్డోర్ పరాయి కల్పనలా తోచకపోవడంలో వింతేముంది?

ఆరు పాటల రికార్డు

"బిహైండ్ ద రెల్మ్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్" 1985లో బ్రిస్టల్‌లోని చిల్డ్రెన్ ఆఫ్ ద రివల్యూషన్ అనే పంక్ సంస్థ నుంచి వచ్చింది. మొత్తం ఆరే పాటలు. హార్డ్‌కోర్ పంక్ పాట ఒకటిన్నర నిమిషంలో ముగిసిపోతున్న కాలంలో వీళ్ల పాటలు చాలా పొడుగ్గా సాగాయి. రికార్డింగ్ చౌకగా జరిగిందని మొదటి పది సెకన్లలోనే తెలిసిపోతుంది. గిటార్ చుట్టూ ఒక పొగ ఉంటుంది. స్పీకర్లో పెడితే మా ఇంట్లో మిక్సీ బేరింగు పోయిందా అని అడుగుతారు. నాకు ఆ పొగే ఇష్టం. ఖరీదైన స్టూడియోలో శుభ్రంగా తుడిచి ఉంటే ఈ పాటలకి సగం భయం పోయేది.

ఆ పొగలోంచి వచ్చే గొంతు లిండా "టామ్" సింప్సన్‌ది. త్రాష్‌లో ఆడవాళ్లు పాడటం అప్పటికి అరుదే కానీ అసలు లేకపోలేదు. జర్మనీలో హోలీ మోసెస్‌కి సబీనా క్లాసెన్, అమెరికాలో డెటాంట్‌కి డాన్ క్రాస్బీ ఉన్నారు. టామ్ ప్రత్యేకత గొంతు పెంచడంలో లేదు. అరుస్తూనే ప్రతి మాటా విడివిడిగా తెలిసేలా పలుకుతుంది. పాట కంటే ఆరోపణ చదువుతున్నట్టు ఉంటుంది. యుద్ధం, అణచివేత, మనిషి చేతులారా చేసుకునే నాశనం, ఇవే విషయాలు. "ద క్లోజింగ్ ఐరనీ"లో రిఫ్ కింద నుంచి బరువుగా లాగుతుంటే, ఆమె దాని వేగంతో పోటీ పడకుండా పైన నిలకడగా ఉంటుంది. మగ గాయకులు చాలామంది ఇలాంటి చోట గిటార్‌ని మించి అరవాలని చూస్తారు, గిటార్ గెలుస్తుంది. ఇక్కడ ఇద్దరికీ చోటుంది.

మొదటిసారి వినేవాళ్లు "లైఫ్‌లైన్"తో మొదలుపెట్టాలి, ఎలాగూ మొదటి పాట అదే. ఒక రిఫ్‌ని తొందరపడకుండా చాలాసేపు తిరగనిచ్చి, మనం అలవాటు పడ్డాక కొద్దిగా మారుస్తారు. పంక్‌కి ఈ ఓపిక ఉండదు. త్రాష్‌కి ఓపిక ఉన్నా, ఆ ఖాళీలో ఒక సోలో దూర్చేస్తుంది. చివరి పాట "అవుటాఫ్ సైట్ అవుటాఫ్ మైండ్" దగ్గరికొచ్చేసరికి పాత డిశ్చార్జ్ రక్తం పొంగుతుంది.

ఈ రికార్డుకి కొంచెం ముందువెనుకల్లో వచ్చిన ఒక చిన్న ప్లాస్టిక్ రికార్డు గురించి కూడా చెప్పాలి. తర్వాత ఇయరేక్ అనే రికార్డు సంస్థతో పేరు తెచ్చుకున్న నాటింగ్‌హామ్ మనిషి డిగ్బీ పియర్సన్, 1985లో "ఆంగ్లికన్ స్క్రేప్ అటిక్" అనే సంకలనం తెచ్చాడు. వంగే పల్చటి ఫ్లెక్సీ డిస్క్ అది. అందులో సాక్రిలెజ్ పక్కన కాలిఫోర్నియా త్రాష్ బ్యాండ్ హైరాక్స్, జపాన్ హార్డ్‌కోర్ బ్యాండ్‌లు లిప్‌క్రీమ్, ఎగ్జిక్యూట్, నాటింగ్‌హామ్ నుంచి కాంక్రీట్ సాక్స్ ఉన్నాయి. ఇంటర్నెట్ లేదు, ఉన్నదల్లా పోస్టులో పంపుకునే క్యాసెట్లు. అయినా మూడు ఖండాల కుర్రాళ్లు ఒకే పని చేస్తున్నారని ఒకరికొకరికి తెలుసు. పంకా, మెటలా అన్న పేచీ ఆ ఫ్లెక్సీ డిస్క్ మీద లేదు. పేచీ అంతా దుకాణాల్లో, పత్రికల్లో.

ఒక్కో ఆల్బమ్‌కి ఒక్కో శ్రోత

మరి ఎందుకు మరుగున పడ్డారు? "కాలం కంటే ముందున్నారు" అని చాలామంది ఒక ముక్కలో తేల్చేస్తారు. అది సగమే నిజం.

మొదటి కారణం, వాళ్లు ఆగలేదు. 1987లో రెండో ఆల్బమ్ "విదిన్ ద ప్రాఫెసీ" వచ్చేసరికి పంక్ సంస్థ వదిలేసి, మ్యూజిక్ ఫర్ నేషన్స్ అనే పెద్ద మెటల్ కంపెనీకి చెందిన అండర్ వన్ ఫ్లాగ్‌లో చేరారు. పాటలు ఇంకా పొడుగయ్యాయి, రిఫ్‌లకి పదును పెరిగింది, డి-బీట్ దాదాపు మాయమైంది. ఈసారి ఏకంగా "ఫ్లైట్ ఆఫ్ ద నాజ్‌గుల్" అని పాట, నాజ్‌గుల్ కూడా టోల్కిన్ కథల్లోవే. మొదటి ఆల్బమ్ కొన్న పంక్ కుర్రాడికి ఇది అమ్ముడుపోయినట్టు కనిపించింది. పంక్ లోకంలో ఆ ముద్ర పడితే చెరగదు. డిశ్చార్జ్ అంతటివాళ్లు 1986లో తళుకుబెళుకుల గ్లామ్ మెటల్ వైపు తిరిగితే సొంత అభిమానులే వెలివేశారు. మెటల్ కుర్రాడికేమో అప్పటికే మెటాలికా, స్లేయర్, మెగాడెత్, ఆంథ్రాక్స్ ఉన్నాయి, వాటి వెనక అమెరికన్ కంపెనీల డబ్బుంది. బర్మింగ్‌హామ్ పంక్ నేపథ్యం ఉన్న బ్యాండ్‌ని వెతుక్కోవాల్సిన అవసరమేముంది?

పాత అభిమానుల్లో చాలామందితో నేను ఏకీభవించను. "విదిన్ ద ప్రాఫెసీ" మంచి ఆల్బమ్. కాకపోతే బాగా వాయించిన త్రాష్ ఆల్బమ్‌లు ఆ ఏడాది చాలా వచ్చాయి, ఇది వాటిలో ఒకటి. మొదటి దానిలాంటిది ఇంకొకటి రాలేదు. ఆ తేడా ఒప్పుకోవాలి.

రెండో కారణం, అందరూ ఒక దిక్కుకి పరుగెడుతుంటే వీళ్లు ఇంకో దిక్కుకి నడిచారు. 1987 అంటే నేపామ్ డెత్ "స్కమ్" వచ్చిన ఏడాది. అదే ఊరు, అదే పబ్ వాతావరణం. ఆ ఆల్బమ్‌లో ఇరవై ఎనిమిది పాటలు, వాటిలో ఒకటి సెకను పైచిలుకు మాత్రమే ఉండి గిన్నిస్ పుస్తకంలోకెక్కింది. బీబీసీ రేడియోలో జాన్ పీల్ వాటిని వినిపించాడు, గ్రైండ్‌కోర్ అనే ఈ అతివేగపు కొత్త ముచ్చట దేశమంతా పాకింది. వార్తకి పనికొచ్చేది వేగం. "ప్రపంచంలో అత్యంత వేగమైన బ్యాండ్" అని శీర్షిక పెట్టొచ్చు. "సరైన చోట సగానికి తగ్గే బ్యాండ్" అని ఎవడు పెడతాడు?

అప్పుడు సాక్రిలెజ్ చేసిందేమిటంటే, ఇంకా తగ్గింది. 1989 నాటి "టర్న్ బ్యాక్ ట్రైలోబైట్"లో త్రాష్ కూడా పల్చబడి, బ్లాక్ సబ్బత్ నాటి నెమ్మది రిఫ్‌లు ముందుకొచ్చాయి. టామ్ అరవడం మానేసి పాడింది. పాటల్లో యుద్ధానికి బదులు కాలం, ఆత్మ, మోక్షం. ఒక పాట పేరు "అవేకెన్", పక్కన సూర్యనమస్కార్ అని ఉపశీర్షిక, దాని తర్వాతి పాట నిర్వాణం గురించి. ఆ పేర్లు చూసి నాకు నవ్వూ వచ్చింది, ముచ్చటా వేసింది. అయిదేళ్ల కిందట డి-బీట్ కొట్టిన బ్యాండ్ సూర్యనమస్కారాల దగ్గర తేలింది. అరవైల బీటిల్స్ నుంచి ఇంగ్లిష్ కుర్రాళ్లకి ఇండియా అంటే ఇదే దారి కాబట్టి సరిపెట్టుకున్నాను. ట్రైలోబైట్ అంటే కోట్ల ఏళ్ల కిందటే అంతరించిన సముద్రజీవి. బర్మింగ్‌హామ్ పొరుగునున్న డడ్లీ సున్నపురాళ్లలో దాని శిలాజాలు ఎంత ప్రసిద్ధమంటే వాటికి "డడ్లీ పురుగు" అని ముద్దుపేరుంది. సొంత గడ్డ మీది శిలాజాన్ని అట్ట మీదికి ఎక్కించిన మెటల్ బ్యాండ్ ఇంకోటి నాకు తగల్లేదు.

ఈ మూడో ఆల్బమ్ నాకు నచ్చుతుంది. అయితే అమ్మేవాడి వైపు నుంచి ఆలోచించండి. ఒకే పేరుతో నాలుగేళ్లలో మూడు రకాల సరుకు. మొదటిది పంక్ అరలో, రెండోది త్రాష్ అరలో, మూడోది ఎక్కడ పెట్టాలో తెలియని అరలో. దేనికీ పాత కొనుగోలుదారు తిరిగి రాడు. అదే చివరి ఆల్బమ్ అయింది.

మూడో కారణం చాలా చిన్నది, కానీ ఇవాళ్టికీ దెబ్బ కొడుతోంది: పేరు. సాక్రిలెజ్ అనే బ్యాండ్‌లు ప్రపంచంలో బోలెడు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో ఒకటి. అన్నిటికంటే విడ్డూరం, అదే ఎనభైల్లో కాలిఫోర్నియాలో సాక్రిలెజ్ బి.సి. అని ఒకటుండేది, వాళ్లూ క్రాసోవరే! యూట్యూబ్‌లో వెతికితే వీళ్లందరూ కలగలిసి వస్తారు.

వెనకొచ్చిన కొమ్ములు

ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు కదా, ఇక్కడ ఆ కొమ్ముల పేరు బోల్ట్ థ్రోవర్. 1986లో బర్మింగ్‌హామ్ పొరుగునున్న కోవెంట్రీలో మొదలైన ఈ బ్యాండ్ కూడా పంక్ నుంచి వచ్చి మెటల్‌లో స్థిరపడింది. తమని మలిచిన బ్యాండ్‌ల పేర్లు చెప్పినప్పుడు డిశ్చార్జ్, స్లేయర్‌లతో పాటు సాక్రిలెజ్ పేరూ దాచుకోకుండా చెప్పారు. 1988 నాటి "ఇన్ బ్యాటిల్ దేర్ ఈజ్ నో లా" వినండి. డి-బీట్ మీద నడిచే లోతైన రిఫ్, ఉన్నట్టుండి సగానికి పడే వేగం, కింది నుంచి తొక్కుకుంటూ వచ్చే బరువు, ఈ పద్ధతి మనకి తెలిసిందే. వాళ్లు దానికి శ్రుతి ఇంకా దించి, ఇంకా మందంగా చేశారు. ఒకసారి దారి దొరికాక బోల్ట్ థ్రోవర్ ఎన్నేళ్లయినా ఆ దారి తప్పలేదు, అభిమానులు ఎగబడి ప్రేమించారు. సాక్రిలెజ్ కనిపెట్టిన చోట ఆగకుండా వెళ్లిపోయింది.

ఇంకో కొమ్మ క్రస్ట్ పంక్ వైపు, అంటే మెటల్ బరువు కలిసిన చీకటి పంక్ వైపు సాగింది. డెవాన్ నుంచి వచ్చిన అమెబిక్స్ 1985లోనే "అరైజ్"తో పంక్‌కి మెటల్ చీకటి అద్దింది. క్రస్ట్ పుట్టుక చెప్పేవాళ్లు ఆ ఆల్బమ్ పక్కన "బిహైండ్ ద రెల్మ్స్ ఆఫ్ మ్యాడ్‌నెస్"ని పెడతారు. క్రస్ట్ లోకంలో సాక్రిలెజ్ ప్యాచ్ కుట్టుకున్న జాకెట్టుకి ఈనాటికీ గౌరవముంది. సాక్రిలెజ్‌లో చివరి దశలో చేరిన ఫ్రాంక్ హీలీ తర్వాత సెరెబ్రల్ ఫిక్స్‌లోనూ, బర్మింగ్‌హామ్ డెత్ మెటల్ బ్యాండ్ బెనెడిక్షన్‌లోనూ బేస్ గిటార్ వాయించాడు. అంటే ఆ ఊరి మెటల్‌లో వీళ్ల రక్తం పారుతూనే ఉంది, పేరు మాత్రం బయటికి రాలేదు.

2015లో అమెరికాకి చెందిన రిలాప్స్ సంస్థ మొదటి ఆల్బమ్‌ని మళ్లీ విడుదల చేశాక పరిస్థితి కాస్త మెరుగుపడింది. పాత వినైల్ కోసం ఆస్తులమ్ముకోనక్కర్లేదు.

వినాలనుకుంటే నా సలహా ఇది. మొదటి ఆల్బమ్ మొదటి పాట నుంచి చివరి పాట దాకా వరసలో వినండి, షఫుల్ వద్దు. వేగం పడే చోటు ప్రతి పాటలో ఎక్కడొస్తుందో ఒక చెవి అక్కడ పెట్టండి. నచ్చితే వెంటనే బోల్ట్ థ్రోవర్ మొదటి ఆల్బమ్ పెట్టండి, చుట్టరికం ఎవరూ చెప్పకుండానే తెలిసిపోతుంది. త్రాష్ అభిమానులైతే ఆ తర్వాత "విదిన్ ద ప్రాఫెసీ"కి వెళ్లొచ్చు. బ్లాక్ సబ్బత్ పాత ఆల్బమ్‌లు అరిగిపోయేలా విన్నవాళ్లు మధ్యది వదిలేసి నేరుగా ట్రైలోబైట్ దగ్గరికి దూకినా నష్టం లేదు. వెతికేటప్పుడు మాత్రం బ్యాండ్ పేరు పక్కన ఆల్బమ్ పేరు కూడా కొట్టండి, లేకపోతే కాలిఫోర్నియా వాళ్లు వచ్చి కూర్చుంటారు.